తెర పక్కన మా మామ

మా మేనమామ పోయాడని కబురు వచ్చినప్పుడు నేను దేవుడి ముందు కూర్చుని వత్తులు చేస్తున్నాను. పత్తి చేతిలోనే ఉండిపోయింది. ఏడాదిగా ఆయనకు గొంతు జబ్బు. చివరి ఆరు నెలలు మాటే లేదు. మాట పోవడం ఎవరికైనా కష్టమే. ఆయనకు ఎందుకు ఎక్కువ కష్టమో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా సరిహద్దు ఊరు భోపాలపట్నం బజారులో ఉప్పూ చింతపండూ కొన్నవాళ్లు ఆయనను చూసే ఉంటారు. తల ఎత్తకుండా పొట్లాలు కట్టే మనిషి. సాయంత్రమైతే కొట్టు వెనక గదిలో వీడియో వేసేవాడు. క్యాసెట్లు హిందీవి, ఇంగ్లీషువి. చూడవచ్చేవాళ్లు తెలుగు, చుట్టుపక్కల గిరిజన పల్లెల దోర్లి భాష మాట్లాడేవాళ్లు. అందుకని టీవీ పక్కన గోడకు తల ఆనించి నిలబడి, కథంతా మన మాటల్లో చెప్పేవాడు. కొట్టులో వినపడని గొంతు అక్కడ ఖంగుమనేది.

నాకు పదేళ్లప్పుడు, ఎగిరే వీరుడి సినిమా మొదటిసారి వచ్చింది. అందులో ఆఫీసులో అందరిచేతా మాటలు పడే గుమస్తా ఒకడు, ముసుగు వేసుకుని జనాన్ని కాపాడేవాడు ఒకడు. మామ ముందుగా చూడలేదు. "వీళ్లిద్దరూ అన్నదమ్ములు. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయిన్రు" అని మొదలుపెట్టాడు. ఎప్పుడు కలుస్తారా అని ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ చూశారు. చివర్లో గుమస్తా చొక్కా గుండీలు విప్పితే లోపల ముసుగువాడి బట్టలు!

తర్లగూడ నుంచి సంతకొచ్చిన అవ్వ లేచి నిలబడింది. "ఏందయ్యా సేటూ, రెండోవోడేడి? సంపిన్రా?"

"లేదవ్వా, నేనే తప్పు చెప్పిన. ఇద్దరు గాదు, ఒక్కడే."

"ఒక్కడేనా! మరి గింతసేపు మమ్మల్ని ఎందుకు ఏడిపిస్తివి?"

గదంతా నవ్వు. మర్నాడు మామ అందరినీ పిలిచి మళ్లీ మొదటి నుంచి వేశాడు. "దేవుడు మనిషోలె వచ్చి మన నడుమ తిరగలేదా? గట్లనే" అన్నాడు. నాకు అప్పుడు అంతా అర్థమైంది. అప్పటినుంచి తాను రెండుసార్లు చూడనిదే ఏ సినిమా కథా ఆయన చెప్పలేదు.

ఇంటింటికీ టీవీలు వచ్చాక ఆ గది మూతపడింది. మామ మాత్రం ఊరుకోలేదు. ప్రతి శనివారం మధ్యాహ్నం గిరిజన పిల్లల ఆశ్రమశాల హాస్టలుకు వెళ్లి, గోడకు తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టరుతో సినిమా వేసి కథ చెప్పేవాడు. తెరమీది వీరులు కూడా అప్పటికి మారిపోయారు. మొదట్లో ముసుగు వెనక ఎవరున్నారో తెలిస్తే కొంప మునిగేది. తర్వాత ముసుగు చాటున కుమిలిపోయేవాళ్లు వచ్చారు. ఇప్పటివాళ్లు నలుగురిలో ముసుగు తీసేసి, నాకూ భయమేస్తుంది అంటున్నారు. "అప్పుడు గుమస్తా వేషం, ముసుగోడు నిజం. ఇప్పుడు ముసుగే వేషం, భయపడేటోడే నిజం" అనేవాడు మామ. "ఇదే నయం బిడ్డా. భయమున్నోడు చేస్తేనే గొప్ప."

ఆయన మాట పోయాక శనివారాలు మూగగా నడిచాయి. పిల్లలు కొట్లాటలు మాత్రం చూసేవాళ్లు. నన్ను చెప్పమని సైగ చేశాడు మామ. "నా గొంతు పూజగది గడప దాటదు మామా" అన్నాను. పొట్లం కాగితం మీద రాసి ఇచ్చాడు: "దాటకుంటే ఏమైతది? పిల్లలే దగ్గరికి జరుగుతరు." నేను నవ్వి ఊరుకున్నాను. ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టుకున్నాను.

పదకొండో రోజు కర్మకు హాస్టలు చూసుకునే అధీక్షక్ వచ్చాడు. భోజనమయ్యాక, "చెప్పేటోళ్లు లేకుంటే శనివారం సినిమా బంద్ చేస్తమక్కా. ఉత్తగ కొట్లాటలు చూపెడితే ఏం ఫాయిదా?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. కానీ మామ ఇన్నేళ్లు నిలబెట్టింది నా మౌనంతో ఆగిపోతుందని అప్పుడు తెలిసింది. "ఈ శనివారం నేనొస్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సినిమా రెండుసార్లు చూసే వెళ్లాను. మనసులో దణ్ణం పెట్టుకుని, దుప్పటి పక్కన మామలాగే గోడకు తల ఆనించి నిలబడ్డాను. "వీడు ఒక్కడే పిల్లలూ, ఇద్దరు కాదు" అని మొదలుపెట్టాను.

"వినపడ్తలేదత్తా!" అంది వెనకనుంచి ఒక పిల్ల.

నేను గొంతు పెంచాలని చూశాను. రాలేదు. అంతలో బరబరమని చప్పుడు. వెనక వరుస చాపలు ఈడ్చుకుంటూ ముందుకొచ్చింది. దాని వెంట మిగతావాళ్లు. కొందరి మోకాళ్లు నా చీర కుచ్చిళ్లకు తగిలాయి. వీరుడు ఊరందరి ముందు ముసుగు తీసేదాకా ఎవరూ కదల్లేదు.

సినిమా అయ్యాక దుప్పటి మడుస్తూ గోడ చూశాను. మామ తల ఆనించిన చోట, ఇన్నేళ్ల కొబ్బరినూనెతో సున్నం నల్లబడి గుండ్రటి మరక. దానికి జానెడు కింద, ఇంకా తడి ఆరని చిన్న మరక ఒకటి.