కనపడని కుండ పట్టుకుని ఆటోలో

ఆ రోజుల్లో నేను పళ్లు కుర్చీలో కూర్చుని తోముకునేవాణ్ణి. రిటైరైన కొత్తలో మనుషులకు రకరకాల అలవాట్లు పడతాయి. కొందరు పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటనలు ముందుగా చదవడం మొదలుపెడతారు, కొందరు పెరట్లో మొక్కలకు అతిగా నీళ్లు పోసి చంపుతారు. నేను వాష్‌బేసిన్ ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాను. దాని వెనక కారణం మాత్రం నవ్వులాట కాదు. మా నాన్న ఒక ఉదయం పళ్లు తోముకుంటూ గుండె పట్టుకుని కూలిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత మా అన్నయ్య కూడా అదే వయసులో, అదే పని చేస్తూ పోయాడు. ఆ ఏడాది నాకూ ఆ వయసొచ్చింది. ఉద్యోగమంతా తూనికలు కొలతల శాఖలో చేసి, వరంగల్ ధాన్యం మార్కెట్లో కాంటాలు తనిఖీ చేసిన మనిషిని నేను. ఒక కాంటా రెండుసార్లు ఒకే బరువు చూపిందంటే మూడోసారి కూడా అదే చూపుతుందని నమ్మడం నాకు జీతంతో పాటు అబ్బిన గుణం. అందుకని కుర్చీ. (కూర్చున్నవాడు కూలినా ఎక్కువ దూరం పడడని నా తర్కం.)

మా ఆవిడ తర్కం వేరు. "ఇగో, హనుమకొండల గుండె డాక్టర్లు అంతమంది ఉన్నరు. ఒక్కపారి పోయి సూపించుకుంటే మీకు నిద్ర వడ్తది, నాకు నిద్ర వడ్తది" అని ప్రతి వారం అడిగేది. ఎండలు తగ్గనీ అనేవాణ్ణి. ఎండలు తగ్గాక వానలు వెలవనీ అనేవాణ్ణి. అసలు సంగతి నాకు తెలుసు. తనిఖీ రోజున తన కాంటాను బస్తాల వెనక దాచి, "పాడైంది సార్, రిపేరుకు పోయింది" అని చెప్పే వ్యాపారులను నేను ఎంతోమందిని చూశాను. వాళ్లందరి ముఖాల్లోనూ ఒకటే కళ ఉండేది. ఆ ఏడాది పొద్దున్నే అద్దంలో, నురగ వెనక, నాకు అదే కళ కనిపించేది. చూపించుకుంటే ఉన్నదేదో బయటపడుతుంది. చూపించుకోకపోతే, కనీసం ఆ పూటకు, ఏమీ లేనట్టే.

ఇట్లాంటి సమయంలో నాకు డ్రిల్లు సార్ దొరికాడు. ఆయన నా చిన్ననాటి సహాధ్యాయి. బడిలో వ్యాయామం చెప్పి రిటైరై, హైదరాబాదులో ఏదో శిబిరానికి పోయి చీగాంగ్ నేర్చుకొచ్చాడు. శివనగర్ పక్కన ఒక స్కూలు మైదానంలో పొద్దున పూట మా ఈడు వాళ్లకు ఉచితంగా నేర్పేవాడు. "ఇది చీనోళ్ల కసరత్తు రా. ఉరుకుడు లేదు, దుంకుడు లేదు. ఉత్తగ నిలవడుడే" అన్నాడు. గుండెకు మంచిదా అని అడిగాను. "గుండెకు, మోకాళ్లకు, నిద్రకు, అన్నిటికి మంచిదే. దవాఖానకు పోవుడే తక్కువైతది" అన్నాడు. దవాఖానకు పోనక్కర్లేని మార్గం ఒకటి ఉందని అంత పెద్దమనిషి చెప్పాక నేను ఇంకేమీ అడగలేదు. మర్నాడే కాన్వాస్ బూట్లు వేసుకుని వెళ్లాను. (బూట్లు విప్పమన్నాడు. నేలకు పాదాలు ఆనాలట.)

చూడడానికి అది చాలా తేలిక. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వదులు చేసి నిలబడాలి. ఒక పెద్ద కుండను కౌగిలించుకున్నట్టు చేతులు రెండూ గుండ్రంగా ముందుకు పట్టుకోవాలి. కళ్లు సగం మూయాలి. నాలుక కొన అంగిలికి ఆనించాలి, పెదాల మీద చిన్న నవ్వు నిలపాలి. ఆ తర్వాత అరచేతులు ఎదురెదురుగా తెస్తే వాటి నడుమ వెచ్చగా, ఉబ్బినట్టు, ఒక బంతి ఉన్నట్టు తెలుస్తుందట. అదే శక్తి. మొదటి రోజే నా పక్కన నిలబడిన కిరాణం సావుకారికి వచ్చేసింది. "వస్తాంది సార్, గరం గరం వస్తాంది. ఇప్పుడే తీసిన మిర్చి బజ్జీ వట్టుకున్నట్టే ఉన్నది" అన్నాడు. వెనక వరసలో వాళ్లకూ వచ్చింది. నేను అరచేతులు దగ్గరికి తెచ్చాను, దూరం జరిపాను, మళ్లీ తెచ్చాను. వాటి మధ్య గాలి తప్ప ఏమీ లేదు. తనిఖీ బుద్ధి కదా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"వస్తదిరా, ఫికర్ చెయ్యకు. కొందరికి ఎనకముందు అయితది" అన్నాడు డ్రిల్లు సార్.

"మొత్తానికే రాకపోతే?"

"రాకపోవుడేంది? పానం ఉన్నోనికి వస్తది."

ఆయన ఆ మాట యథాలాపంగా అని సావుకారి మోకాళ్లు సరిచేయడానికి వెళ్లిపోయాడు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ప్రాణం ఉన్నవాడికి వస్తుందట. నాకు రావడం లేదు. ఆ రోజు నుంచి వాష్‌బేసిన్ దగ్గర కుర్చీని గోడకు ఇంకొంచెం దగ్గరగా జరుపుకున్నాను. బ్రష్షు మీద పేస్టు వేస్తుంటే అన్నయ్య పోయిన రోజు ఆయన చేతిలో మిగిలిన బ్రష్షు రంగు కూడా గుర్తొచ్చేది.

ఆయన చెప్పిన ఇంకో మాట కూడా నన్ను వదల్లేదు. "నడుమల ఇడిసిపెట్టి పోవద్దు. ముగింపు చేసినంకనే కదలాలె. పాదాలు నేల మీద ఆనిచ్చి, చేతులు మెల్లగ దించి బొడ్డు మీద పెట్టి, అప్పుడు నాలుక తియ్యాలె. లేకుంటే శక్తి తలకెక్కుతది." మిగతావాళ్లు తల ఊపి ఇళ్లకు పోయారు. నేను దాన్ని సర్కారు ఉత్తర్వులా తీసుకున్నాను. ఉన్న శక్తే అంతంతమాత్రం, అది కూడా తలకెక్కితే నా పరిస్థితి ఏమిటి?

మైదానంలో రాని బంతి ఇంట్లో ఒంటరిగా చేస్తే వస్తుందేమోనని, మా ఆవిడకు చెప్పకుండా, డాబా మీద సాధన మొదలుపెట్టాను. మా డాబాకూ, పక్కింటి టైలర్ భాయ్ డాబాకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం. ఆ రోజు కళ్లు అరమోడ్చి, కుండ పట్టుకుని, నాలుక ఆనించి, పెదాల మీద నవ్వు పెట్టుకుని నిలబడ్డాను. టైలర్ భాయ్ ఉతికిన లుంగీ ఆరవేయడానికి పైకి వచ్చాడు.

"సలాం సార్" అన్నాడు.

నేను పలకలేదు. నాలుక అంగిలి మీద ఉంది.

"సార్, తబియత్ మంచిగున్నదా?"

బాగానే ఉందని తెలియజేయాలని "ఊఁ" అన్నాను. ముక్కులోంచి వచ్చిన ఆ శబ్దం నాకే బాగాలేదు. భాయ్ లుంగీ పిట్టగోడ మీద పడేసి ఇటు దూకాడు. నా ముఖంలోకి వంగి చూశాడు. చేతులు చూశాడు. తర్వాత మెట్ల వైపు తిరిగి పిలిచాడు. "అక్కా, జల్ది పైకి రా. సార్‌కు పచ్చవాతం కొట్టింది. చేతులు గట్లనే బిగుసుకపోయినయి. మాట వడిపోయింది. మూతి సుత వంకర వోయింది."

వంకర పోయింది మూతి కాదు, అది డ్రిల్లు సార్ చెప్పిన చిరునవ్వు. ఇప్పుడు చెప్పగలను గానీ అప్పుడెలా చెప్పడం? సరే, ముగింపు చేసేద్దామని చేతులు మెల్లగా దించసాగాను. మెల్లగా దించాలి కదా. అంతలో మా ఆవిడ కొంగు చెక్కుకుంటూ పైకి వచ్చింది. నా చేతులు కిందికి జారుతుండడం ఆమె చూసింది. "భాయ్, పడిపోతాండు, పట్టుకో" అంది. భాయ్ నన్ను చంకల కింద ఎత్తి పట్టుకున్నాడు. నా పాదాలు నేలను వదిలాయి. పాదాలు ఆననిదే ముగింపు లేదు. ముగింపు లేనిదే నాలుక తీయకూడదు. నేను చేతులు మళ్లీ కుండ మీదికి తెచ్చుకున్నాను.

అట్లా నన్ను మెట్లు దించారు. వీధి మలుపులో ఉండే ఆటో వచ్చింది. మా ఆవిడ ఒక పక్క, భాయ్ ఒక పక్క, మధ్యలో నేనూ, నా కుండా. ఆటో అతను వెనక్కి తిరిగి చూసి, "పెద్దసార్ చేతులు జర లోపటికి వెట్టండ్రి, బస్సులకు తాకుతయి" అన్నాడు. "దించుతలేడు తమ్మి, నువ్వు జర జాగ్రత్తగ నడుపు" అన్నాడు భాయ్. అండర్‌బ్రిడ్జి కింద ట్రాఫిక్ ఆగిపోయింది. పైన గూడ్సు బండి ఎంతకూ తెగకుండా పోతోంది. పక్కన ఆగిన స్కూటర్ మీద ఒకావిడ తొంగి చూసి, "ఏం పట్టుకుండు ఆయన?" అని తన భర్తను అడిగింది. "ఏం లేదే, దేవుడు వచ్చిండు కావచ్చు" అన్నాడతను.

నవ్వు రావలసిన చోటు అదే. నాకు మాత్రం అక్కడే అసలు భయం మొదలైంది. ఇంతసేపూ నేను కావాలని చేతులు దించడం లేదనుకుంటున్నాను. నిజంగా అంతేనా? దించాలనుకుంటే దించగలనా? ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది. ప్రయత్నించి దించలేకపోతే? నాన్నకూ ముందు ఇట్లాగే ఏమీ తెలియలేదేమో. అన్నయ్య కూడా బాగానే ఉన్నానని అనుకుంటూనే ఉన్నాడేమో. భాయ్ దర్జీ, మనిషి భుజం ఎత్తుపల్లాలు చూసి జీవించేవాడు. ఆయన కంటికి కనిపించిందేదో నాకు తెలియడం లేదేమో. చీకటిగా ఉన్న ఆ వంతెన కింద, తల మీద రైలు దడదడలాడుతుంటే, నేను నా చేతులను పరాయివాడి చేతుల్లా చూస్తూ కూర్చున్నాను. కదిలించే ధైర్యం చాలలేదు.

అప్పుడు మా ఆవిడ నా కుడి చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఏడవడం లేదు. చపాతీ పిండి పిసికేటప్పటి పట్టుదలతో రుద్దుతోంది. కొంచెంసేపటికి నా అరచేతిలో వెచ్చదనం తెలిసింది. తర్వాత అది ఉబ్బినట్టయింది. అచ్చం సావుకారి చెప్పినట్టే, గరం గరం. వచ్చింది, నాకూ వచ్చింది అనుకున్నాను. ఆ క్షణంలో అంత కంగారులోనూ డ్రిల్లు సార్‌కు ఈ సంగతి ఎట్లా చెప్పాలా అని ఆలోచించాను.

హనుమకొండ దవాఖాన ముందు ఆటో ఆగింది. భాయ్ ఎత్తుకోబోతుంటే భుజం విదిలించుకుని నా అంతట నేను దిగాను. పాదాలు రెండూ నేలకు ఆనాయి. రోగులు, స్ట్రెచర్లు, కొబ్బరి బోండాల బండి, అందరి మధ్య నిలబడి చేతులు మెల్లగా దించాను. దిగాయి. బొడ్డు మీద పెట్టుకుని, శ్వాస తీసుకుని, నాలుక తీసి, "నాకేం కాలేదు" అన్నాను. తర్వాత సంగతంతా చెప్పాను.

మా ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మంచిది. ఎట్లాగు వచ్చినం గద. ఇగ లోపటికి నడువుండ్రి" అంది.

"రేపు వద్దాం."

"అండర్‌బ్రిడ్జి కింద నా పానం వోయింది. మీరు ఇయ్యాల సూపించుకోకుంటే నేనే మంచమెక్కి పండుకుంట."

వెనక్కి తిరిగితే టైలర్ భాయ్ దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. "ఇంత దూరం వచ్చినంక ఉత్తగ పోవుడెందుకు సార్" అన్నాడు. బస్తాల వెనక దాచిన కాంటా మొత్తానికి బయటికి వచ్చింది.

లోపల లేడీ డాక్టర్ ఏమైందని అడిగింది. మా ఆవిడ మొదట్నుంచీ చెప్పింది. ఏదీ ఒకసారి చేసి చూపించండి అంది డాక్టర్. కుండ, నాలుక, నవ్వు, అన్నీ చూపించాను. ఆమె ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుని కాసేపు చదివింది. (ఆ ఫైల్లో అప్పటికి నా పేరు తప్ప ఏమీ లేదు.) తర్వాత బల్ల మీద పడుకోబెట్టి ఒంటికి వైర్లు తగిలించారు. ఉద్యోగమంతా ఇతరులను తనిఖీకి నిలబెట్టిన చోట నేను పడుకుని ఉన్నాను. మిషన్ గీతలు గీస్తున్న ఆ శబ్దం అండర్‌బ్రిడ్జి మీది గూడ్సు బండి కన్నా పెద్దగా వినిపించింది. కళ్లు మూసుకుంటే నాన్న, అన్నయ్య ఇద్దరూ ఆ తలుపు దగ్గర నిలబడి ఫలితం కోసం చూస్తున్నట్టు అనిపించింది.

ఇంకో రెండు పరీక్షలయ్యాక డాక్టర్ పిలిచింది. "ఈ రోజుకైతే గుండె బాగానే ఉంది. బీపీ ఎక్కువుంది, దానికి రోజూ ఒక గోలీ వేసుకోండి. ఇంట్లో ఇద్దరికి అట్లా జరిగింది కాబట్టి ప్రతి సంవత్సరం రావాలె. మీ కసరత్తు మంచిదే, చేసుకోండి. కానీ ఎవరన్నా పిలిస్తే పలకండి" అంది. బయటికి వచ్చాక మా ఆవిడ బెంచీ మీద కూర్చుని అప్పుడు ఏడ్చింది. భాయ్ ముగ్గురికీ చాయ్ తెచ్చాడు. ఎన్నో ఏళ్లుగా రోజూ విడవకుండా డైరీ రాసే నేను ఆ రోజు పేజీలో రాసుకున్నది ఒకటే ముక్క: "ఉదయం వ్యాయామం. హనుమకొండ వెళ్లి వచ్చాం."

మర్నాడు డ్రిల్లు సార్ అంతా విని నుదురు పట్టుకున్నాడు. "ఓరి నీ ఇల్లు బంగారం గాను, ముగింపు చేయకుంటే జర తల తిరుగుతదన్న. మనుషులు గాలిల లేపుకపోయినా చేతులు దించద్దని చెప్పిన్నా?" అన్నాడు. బంతి మాత్రం వచ్చిందని చెప్పాను. "సూసినవా, వస్తదన్న గద" అని మురిసిపోయాడు. అప్పుడు నా చేయి ఎవరి చేతుల్లో ఉందో నేను చెప్పలేదు.

ఆ వయసు దాటి కొంతకాలమైంది. గోలీ వేసుకుంటున్నాను, ఏటా హనుమకొండ పోతున్నాను. పోయే ముందు రాత్రి ఇప్పటికీ నిద్ర పట్టదు. డాబా మీద రోజూ నిలబడుతున్నాను. నేను మెట్లెక్కగానే మా ఆవిడ పిట్టగోడ మీదుగా, "భాయ్, మా సార్ నిలవడ్తాండు, పరేషాన్ గాకు" అని కేకవేస్తుంది. ఒంటరిగా చేస్తే బంతి ఇప్పటికీ రాదు. దానికి భయపడడం మానేశాను.

పళ్లు నిలబడే తోముకుంటున్నాను. కుర్చీ మాత్రం తీయలేదు, దాని మీద తువ్వాలు వేసుకుంటున్నాను. కొన్ని ఉదయాలు తువ్వాలు తీస్తుంటే కుర్చీలో అప్పటి నేననే ఆ పెద్దమనిషి కనిపిస్తాడు, నోట్లో బ్రష్షుతో, గోడకు ఆనుకుని, కూలడానికి సర్వసిద్ధంగా. పాపం అనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. ఏమైనా అనండి, తన ఆఖరి పని అదేనేమోనని అనుకున్నాడు కాబట్టి, పళ్లు మాత్రం చాలా శ్రద్ధగా తోముకునేవాడు.