తీపి నీళ్ల దొరువు

పొద్దున్నే ట్యాంకర్ గొట్టం దొరువులోకి వదలగానే తడి ఇసుక వాసన గుప్పున లేస్తుంది. చూసేవాళ్లకి అది హాయి, నేను మాత్రం అటు తిరిగి నిలబడతాను. వాడరేవు పక్కన సముద్రపు ఒడ్డున వెలిసిన వారసత్వ పార్కులో నేను సూపర్‌వైజర్ని. పాత రాతి మండపం, సరుగుడు తోట, కొత్త కాఫీ షాపు, రంగుల ఫౌంటెన్, అన్నీ నేనే చూసుకోవాలి. మా నాయనమ్మ దొరువు కూడా.

దొరువంటే ఇసుకలో తవ్విన పెద్ద గుంట. కింద ఉప్పునీళ్లు, వాటి మీద తేలుతూ తియ్యటి వాననీళ్లు. నా చిన్నప్పుడు నాయనమ్మ రెండు చేతుల్లో రెండు కడవలతో అందులోకి దిగి, పైపైన ముంచుకుని, ఇసుక కాలకముందే కనకాంబరాల మళ్లూ తోటకూర మళ్లూ తడిపేసేది. కార్తీక పున్నానికి మిరప చేల ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద సముద్రస్నానానికి వచ్చినవాళ్లు ఆ గట్టునే పులిహోర పొట్లాలు విప్పుకుని తిని, దోసిళ్లతో నీళ్లు తాగి, మాకూ ఇంత పెట్టి పోయేవాళ్లు. మేము పక్కనే చేత్తో చెలమలు తవ్వి, ఎవరి నీళ్లు ముందు తేటపడతాయా అని పందేలు వేసుకునేవాళ్లం. ఆత్రంకొద్దీ నేను ఇంకా తవ్వబోతే నాయనమ్మ చేతిమీద ఒక్కటిచ్చేది.

"లోతుకి పోమాకే! కింద ఉండేది సముద్రమే. దాన్ని లేపావంటే మళ్లీ పడుకోదు."

ఎండలు ముదిరి దొరువు అడుగంటితే, పారలు పట్టుకొచ్చిన మా బాబాయిలకు అడ్డంగా గట్టుమీద కూర్చుని తిట్టిపోసేది. పూలు మాడిపోయినా సరే, తొలకరి దాకా ఆగాల్సిందే.

ఫౌంటెన్‌కీ పచ్చగడ్డికీ నీళ్లు కావాలని దొరువు పక్కనే బోరు దింపుతున్నప్పుడు ఇంజనీరు గారి వెంటపడ్డాను.

"సార్, మీకు దణ్ణం పెడతాను, ఇక్కడొద్దండి. ఉప్పెక్కితే ఇక తీపి రాదండి."

"ఊరికే కంగారు పడతారేంటమ్మా? దొరువుని మనం కాపాడుతున్నాం. చుట్టూ రాతికట్టు, బోర్డు కూడా పెడుతున్నాం కదా!" అన్నాడాయన.

రాతికట్టు బ్రహ్మాండంగా వచ్చింది. వేసవి దాటేసరికి బోరు ఉప్పెక్కింది, దొరువు ఎండింది. ఇప్పుడు 'మంచినీటి దొరువు' అన్న బోర్డు ముందు జనం ట్యాంకర్ నీళ్లకు ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ల మీద కోపం తెచ్చుకుని ఏం లాభం, ఆ ట్యాంకర్‌ని రోజూ పిలిపించేది నేనే.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. ఫౌంటెన్‌కి ఇంకా ఉప్పునీళ్లే తోడుతున్న బోరుని పోరిపోరి ఆపించాను. తీపి తిరిగొచ్చి ఉంటుందేమోనని నిన్న సాయంత్రం, జనమంతా వెళ్లాక, మేము చెలమలు తవ్వుకున్న చోటనే మోకాళ్లమీద కూర్చుని చేత్తో తవ్వాను. నీళ్లూరాయి. తేటపడేదాకా కూడా ఆగలేక తాగాను. ఉప్పు. జరిగి ఇంకోచోట తవ్వాను. అక్కడా ఉప్పే. ఏడుపొచ్చేసింది, అయినా చెయ్యి ఆగలేదు. మోచెయ్యి దాకా ఇసుకలోకి దిగిపోయాక గాని తెలియలేదు, నేను లోతుకి తవ్వుతున్నానని.

చేతిమీద ఒక్కటిచ్చేవాళ్లు లేరు.