సోషల్ మాస్టారు సాంద్రత పాఠం చెప్పిన రోజు

నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో మా బళ్లో కంప్యూటర్ల గదికి ఎప్పుడూ తాళమే... ఉయ్యూరు దగ్గర పల్లెటూరి హైస్కూలు మాది. గదిలో ఆరు కంప్యూటర్లు, వాటి మీద దుమ్ము పడకుండా పాత దుప్పట్లు. పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయని హెడ్మాస్టారి భయం. కిటికీ ఊచల్లోంచి తొంగి చూడటమే మా కంప్యూటర్ చదువు.

ఆ ఏడు సైన్సు చెప్పే మేడం బదిలీ అయి వెళ్లిపోయారు. కొత్తవాళ్లు రాలేదు. ఆ పాఠాలు సోషల్ చెప్పే కోటేశ్వరరావు మాస్టారి నెత్తిన పడ్డాయి. యాభై దాటిన మనిషి... ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయన రాజుల పాఠం చెబుతుంటే గంట కొట్టినా లేవబుద్ధి అయ్యేది కాదు. సైన్సు మాత్రం మాతో పాటు ఆయనకీ కొత్తే. ఇంటి దగ్గర చదువుకుని వచ్చి చెప్పేవారు.

సాంద్రత పాఠం వచ్చింది. 'బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి' అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాశారు. మేం నోట్సులోకి ఎక్కించుకున్నాం. అందులో అనుమానానికి ఏముంది...

ఆ తర్వాత విజయవాడలో టీచర్లకి ట్రైనింగ్ జరిగింది. అక్కడ ఆయనకొక సీడీ ఇచ్చారు. దాన్ని కంప్యూటర్‌లో వేస్తే తెర మీద ఒక నీళ్ల తొట్టి, పక్కన చెక్క, ఇటుక, ఐసు, అల్యూమినియం దిమ్మలు. మౌస్‌తో పట్టుకుని నీళ్లలో వదలొచ్చు. సైజు పెంచొచ్చు, తగ్గించొచ్చు, తూచొచ్చు. ఇది పిల్లల చేతే చేయించాలని ఆయనకు పట్టుకుంది. ఏది పాడైనా బాధ్యత నాదేనని కాగితం మీద సంతకం పెట్టి మరీ తాళం తీయించారు.

తీరా చూస్తే ఆయనకు మౌస్ పట్టుకోవడం రాదు...

మా బాబాయికి ఉయ్యూరులో కంప్యూటర్ మీద శుభలేఖలు కంపోజ్ చేసే షాపుండేది కాబట్టి నాకు కాస్త వచ్చు. ఆ సంగతి తెలిసి, "అమ్మాయ్, నాకు నేర్పు" అంటూ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. వారం రోజులు, మధ్యాహ్నం అన్నాలయ్యాక అదే పని. బాణం గుర్తు ఆయన చేతిలోంచి తెర మూలకి పారిపోయేది. నాకు నవ్వొస్తే తనూ నవ్వేసి, మళ్లీ చూపించమనేవారు. మాస్టారికి నేను నేర్పడమేంటని నాకు సిగ్గు... ఆయనకు మాత్రం లేదు.

పాఠం రోజున ఆరింటిలో నాలుగే పనిచేశాయి. ఒక్కోదాని చుట్టూ పదేసి మందిమి. గుమ్మంలో హెడ్మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మా గుంపులో మౌస్ కుమారి చేతికిచ్చాను. వాళ్లింట్లో మగ్గం పని. క్లాసులో ఏనాడూ నోరు విప్పేది కాదు, పేరు పిలిస్తే తలొంచుకుని నిలబడేది.

కుమారి చెక్క దిమ్మని నీళ్లలో వదిలింది. నాలుగు కిలోల దిమ్మ... తేలింది. గుప్పెడంత అల్యూమినియం ముక్కని వదిలింది. కిలో బరువు... బుడుంగున మునిగింది. చెక్కని ఎనిమిది కిలోలు చేసి చూసింది. అదీ తేలింది. కంప్యూటర్ పాడయిందనుకుని పక్కదాన్లో చూశాం. అక్కడా అంతే.

కుమారి లేచి నిలబడింది.

"మాస్టారండీ, బరువైనవి మునుగుతాయని రాయించారు గదండీ... ఇక్కడ బరువైందే తేలుతుందండీ."

అదీ హెడ్మాస్టారి ఎదురుగా... ఇంకో మాస్టారైతే కూర్చోమని గసిరేవారే. కుమారి మళ్లీ జన్మలో నోరెత్తేది కాదు.

మాస్టారు వచ్చి తెర ముందు కూర్చున్నారు. కుమారి చేసినవన్నీ తనూ చేశారు. చెక్కనీ అల్యూమినియాన్నీ ఒకే సైజుకి తెచ్చి తూచారు. అంతే చోటు పట్టే నీళ్ల బరువూ లెక్కేశారు. అప్పుడు లేచి మా అందరి వైపూ తిరిగారు.

"నేను మీకు తప్పు చెప్పానర్రా. ఈ పిల్ల చెప్పిందే రైటు. వస్తువు ఎంత చోటు పడుతుందో అంత చోటులో నీళ్లు పోసి తూచామనుకోండి... వాటి కంటే బరువైతే మునుగుతుంది, తేలికైతే తేలుతుంది. అంత చోటులో ఎంత బరువు ఇమిడిందో, సాంద్రత అంటే అదీ."

మా చేత నోట్సు తీయించి పాత వాక్యం కొట్టేయించారు. కొత్తది కుమారి చేతే బోర్డు మీద రాయించారు. సుద్దముక్క పట్టుకున్న కుమారి మొహం నాకిప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది...

ఇంతలో కరెంటు పోయింది. ఆయన ఆగితేగా... అందరినీ బడి వంటపాక దగ్గరికి తీసుకెళ్లి, సాంబారులోకి తెచ్చిన గుమ్మడికాయని నీళ్ల గాబులో వేయించారు. అంత కాయా తేలింది. ఒక్క చింతగింజ పడేస్తే అడుక్కి పోయింది. హెడ్మాస్టారు కూడా మా తలల మధ్యలోంచి వంగి చూశారు. ఆ మర్నాటి నుంచి కంప్యూటర్ల గది తాళం చెవి మాస్టారి జేబులోనే ఉండేది.

కుమారి ఇక అడగని ప్రశ్న లేదు. పాలిటెక్నిక్ చదివి, ఇప్పుడు విజయవాడలో నీళ్ల పరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. నేను టీచర్నయ్యాను.

మొన్నామధ్య మాస్టారికి ఫోన్ చేసి ఆ రోజు సంగతంతా చెప్పాను. ఆయనకసలు గుర్తే లేదు...

"దాందేముందమ్మా, తప్పు చెప్పినప్పుడు దిద్దుకోకపోతే ఎట్లా" అన్నారు. అని, మా బడి పిల్లలెలా చదువుతున్నారని అడిగారు.

ఇప్పుడు నేను చెప్పే బళ్లో గదికొక పెద్ద తెర. వేలితో తాకితే దిమ్మలు కదులుతాయి. పాఠం పది నిమిషాల్లో అయిపోతుంది, వెంటనే టెస్టు. లేచి నిలబడి "అది కాదండీ" అనేంత తీరిక పిల్లలకి మేమే ఇవ్వట్లేదేమో అనిపిస్తుంది...

మీ మాట విని తను రాసింది తనే చెరిపేసిన మాస్టారు మీ బళ్లోనూ ఉండే ఉంటారు. ఆయన సంగతి కింద రాయండి... తీరిగ్గా కూర్చుని అన్నీ చదువుతాను.