పల్లకి వెనక ఎర్రదీపం

గుంటూరు వెళ్ళే రోడ్డును వెడల్పు చేశాక మా గుడి రోడ్డుకు అవతల, మా వీధులు ఇవతల ఉండిపోయాయి. ప్రమాదాలు ఎక్కువవడంతో కూడలిలో సిగ్నల్ దీపాలు పెట్టారు. ఒక కానిస్టేబులు గుడి మెట్ల దగ్గరకు వచ్చి మా భజన మండలికంతా వివరంగా చెప్పాడు. చిన్న దీపంలో పచ్చమనిషి కనిపిస్తేనే తెల్లచారల మీద దాటాలి. ఎర్రమనిషి వస్తే ఆగాలి. సగంలో ఉండగా ఎర్ర పడితే డివైడర్ మీద నిలబడి మళ్ళీ పచ్చ కోసం చూడాలి.

"నూనె లేదు, వత్తి లేదు. ఈ దీపానికి కూడా దణ్ణం పెట్టాలా వదినా?" అంది నా పక్కనున్నావిడ. అందరం నవ్వాం. కానిస్టేబులూ నవ్వాడు.

ఆమె మా వెనక వీధిలో ఉండేది. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్ళం. కొద్దిపాటి మిరప చేను, ఒక్కడే కొడుకు. చదువు రాదు. శుక్రవారాలు నేను ఆడవాళ్ళకు పురాణం చదివి చెబుతుంటే ముందు కూర్చుని, నేను ఏ కథ ఎక్కడ ఆపానో మరుసటి వారం తనే గుర్తుచేసేది. భజనలో తాళాలు ఆమెవే. కాయలు కోసే రోజుల్లో చేతులు మండుతున్నా వాటిని ఇంకొకరికి ఇచ్చేది కాదు.

ప్రతి శనివారం తెల్లవారగానే స్వామి పల్లకి గుడి నుంచి బయలుదేరి, మా వీధులన్నీ చుట్టి మళ్ళీ గుడికి చేరుతుంది. భుజానికెత్తిన పల్లకిని దారిలో ఆపకూడదన్నది మా ఆచారం. పాత రోజుల్లో దానికి ఇబ్బంది ఉండేది కాదు. పల్లకి కనబడితే ట్రాక్టరైనా బస్సైనా ఆగేది. డ్రైవర్లు దిగి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు దాచేపల్లి సిమెంటు లారీలు, ఎక్కడెక్కడి బళ్ళో వస్తున్నాయి. వాళ్ళకు మా స్వామి తెలియడు, దీపం రంగు ఒక్కటే తెలుసు.

ఆ శనివారం తిరుగుదారిలో, పచ్చమనిషి వెలిగి కొంతసేపయ్యాక పల్లకి రోడ్డెక్కింది. ముందున్న మగవాళ్ళు గబగబా దాటేశారు. ఆడవాళ్ళలోనూ చాలామంది వాళ్ళ వెంట పరుగెత్తారు. చివరనున్న మేమిద్దరం డివైడర్ దగ్గరకు వచ్చేసరికి ఎర్ర పడింది.

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "ఆగుదాం వదినా."

"పడనీ ఆ ఎర్రోణ్ణి," అంది. "స్వామి అవతలికి పోతుంటే ఇక్కడ నిలబడి ఎవరికి వాయించను? రా, ఆయన ముందే ఉన్నాడుగా."

చెయ్యి విడిపించుకుని దిగింది. బయలుదేరబోయిన లారీ ఆమెను చూసి ఆగింది. దాని పక్క నుంచి పత్తి బస్తాల మినీ వ్యాను వేగంగా వచ్చింది. తాళాల చప్పుడు మధ్యలో తెగిపోయింది. అవతలివాళ్ళకు ఏమీ తెలియలేదు. పల్లకి గుడి మెట్లెక్కేదాకా వాళ్ళు పాడుతూనే ఉన్నారు.

పోలీసు స్టేషన్లో వ్యాను డ్రైవరు గోడవారగా కింద కూర్చుని ఉన్నాడు. మెడలో దీక్ష మాల. నన్ను చూసి చేతులు జోడించాడు. "నాకు పచ్చే పడిందమ్మా. లారీ ఎందుకాగిందో నాకు తెలీలేదమ్మా."

"పచ్చ పడితే గుడ్డిగా తోలమని కాదురా," అన్నాడు ఎస్సై. "పక్క బండి ఆగిందంటే ముందు మనిషి ఉన్నట్టే. దాటేవాళ్ళు పూర్తిగా దాటిందాకా ఆగాలి."

కూడలిలో కెమెరా పనిచేయడం లేదట. దగ్గర నుంచి చూసింది నేనే. నా మాటను బట్టే కేసు రాస్తామన్నారు. మండలి పెద్దాయన నన్ను వరండాలోకి పిలిచారు.

"పోయిన మనిషి మీద మాట రానీకూడదమ్మా. దాటేటప్పుడు పచ్చే ఉందని చెప్పండి. అబద్ధమేం కాదు, పల్లకి రోడ్డెక్కినప్పుడు పచ్చేగా."

"పల్లకికి పచ్చేనండి. మాకు కాదు."

ఆమె కొడుకు అక్కడే స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "మా అమ్మ తప్పు చేసి చచ్చిపోయిందని రాయిస్తారా అత్తయ్యా?" అన్నాడు. గొంతు పెంచలేదు.

చూసింది చూసినట్టు చెప్పాను. ఎర్ర పడిందనీ, ఆ తర్వాతే ఆమె డివైడర్ దిగిందనీ, లారీ ఆగిందనీ, వ్యాను ఆగలేదనీ. సంతకం పెట్టి ఇంటికొచ్చి దేవుడి గదిలో కూర్చున్నాను. నా నోట అబద్ధం రానివ్వనిది ఆయనేనని ఈనాటికీ నమ్ముతున్నాను. దానికి తగ్గ శాంతి మాత్రం ఆయన ఇవ్వలేదు.

ఆ శుక్రవారం పురాణానికి ఎవరూ రాలేదు. చాప పరిచి, ఆ రోజు భాగం పైకే చదివి, చాప చుట్టేశాను.

పెద్దకర్మ రోజు పిలుపు రాకపోయినా వెళ్ళాను. వాకిట్లో పందిరి కింద ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు గానీ పలకరించలేదు. గుండు చేయించుకున్న కొడుకు కొంతసేపటికి నా దగ్గరకు వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"ఒక్క మాట అత్తయ్యా. అమ్మ ఆ ఎర్రలైటు చూసిందా? చూడకుండా దిగిందా?"

స్టేషన్లో ఎవరూ అడగని ప్రశ్న అది. "చూడలేదు నాయనా, స్వామి ధ్యాసలో ఉంది" అంటే చాలు. అతనికి కాస్త ఊరట. నాకు ఈ వీధిలో మళ్ళీ పలకరింపులు. ఆడవాళ్ళంతా మాటలాపి వింటున్నారు.

"చూసింది," అన్నాను. "స్వామి ముందున్నాడని దిగింది."



"మరి మీరెందుకు ఆగారు? స్వామి మీకూ ముందేగా?"

ఇన్నేళ్ళుగా చదివిన పురాణాల్లో దీనికి జవాబు లేకపోలేదు. శుక్రవారం ఎవరైనా అడిగితే చెప్పగలిగేదాన్నే. అతనికి మాత్రం ఉన్నదే చెప్పాను.

"భయమేసింది నాయనా."

"అమ్మకి వెయ్యలేదు," అన్నాడు.

లోపల నుంచి శాస్త్రిగారు పిలిచారు. అతను లేచి వెళ్ళాడు.