స్కీ జంపర్లకు కాటా వేసిన రోజు

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, జనవరి నెలాఖరులో, జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న మా క్యాలిబ్రేషన్ ల్యాబ్ నన్ను నాలుగు రోజుల డ్యూటీ మీద కొండల్లోకి పంపింది. అక్కడ యూనివర్సిటీ విద్యార్థుల అంతర్జాతీయ క్రీడల్లో భాగంగా పురుషుల స్కీ జంప్ పోటీ జరుగుతోంది. మాకు ఆటతో సంబంధం లేదు. ఆటగాళ్ళను తూచే కాటా సరిగ్గా ఉందని పూచీ పడటం మా పని.

క్యాలిబ్రేషన్ అంటే మరేం లేదు, తూచే యంత్రం నిజం చెబుతోందా లేదా అని ప్రామాణిక బరువులు పెట్టి పరీక్షించడం. యంత్రం అబద్ధమాడుతోందని ముందే అనుకుని మొదలుపెట్టాలి. అనుమానం పెనుభూతం అంటారు గానీ నాకు ముప్పై ఏళ్ళు అన్నం పెట్టింది అదే. ఇంట్లో మా ఆవిడ మాత్రం, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినా నేను నమ్మనని సణిగేది.

నాతో వచ్చిన సహోద్యోగి ఫర్హానా. హైదరాబాద్ టోలిచౌకి అమ్మాయి. కాట్‌బస్‌లో మాస్టర్స్ చేసి, బ్లూ కార్డ్ అనే ఉద్యోగ వీసా మీద మా ల్యాబ్‌లో చేరింది. ఆ ఏళ్ళలో మనవాళ్ళు ఎంతమంది వచ్చేవారంటే, కాట్‌బస్ రైలెక్కితే ఒక పెట్టెలోనైనా తెలుగు వినబడేది. ఫర్హానాకి ఆరు నెలల ప్రొబేషన్ ఇంకో మూడు వారాల్లో ముగుస్తుంది. పర్మనెంట్ చేయాలా వద్దా అన్న నివేదిక రాయాల్సింది నేను. ఉద్యోగం పోతే కొద్ది నెలల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేకపోతే వీసా చిక్కులు. భర్త ఇంకా చదువుతున్నాడు, కూతురికి అప్పుడే కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, సీటు దొరికింది. ఇవన్నీ కారులో వస్తూ తనే చెప్పింది. నివేదిక రాసేవాడితో ఇవన్నీ ఎందుకు చెబుతోందా అని అప్పుడే నాకు కొంచెం అనుమానం వేసింది.

స్కీ జంప్‌లో తూకం ఎందుకంటే, తేలికైనవాడు గాలిలో ఎక్కువ దూరం పోతాడు. అందుకని కుర్రాళ్ళు కడుపు మాడ్చుకుంటారు. దాన్ని ఆపడానికి ఒక నియమం పెట్టారు. బరువు తక్కువైతే పొట్టి స్కీలు వాడాలి. పొడవాటి స్కీలు వేసుకుని అందుకు తగ్గ బరువు లేకపోతే ఆ జంప్ రద్దు. దూకినవాణ్ణి కంట్రోలర్ అనే తనిఖీ అధికారి వెంటబెట్టుకుని తిన్నగా మా గదికి తెస్తాడు. మధ్యలో నీళ్ళు తాగకూడదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు. హెల్మెట్, గ్లవ్స్ తీసేసి, సూట్‌తో, బూట్లతో కాటా ఎక్కాలి.

ముందురోజు హోటల్ హాల్లో కాటా పెట్టాం. ఆటగాళ్ళు వచ్చి ఎవరి బరువు వాళ్ళు చూసుకున్నారు. అందరివీ సరిపోయాయి. పోటీ రోజు పొద్దున ఫర్హానా కాటాని మైదానం పక్కన ఒక కంటైనర్ గదికి మార్చి, మళ్ళీ సున్నా పెట్టి, అంటే ఖాళీ పలక మీద అంకె సరిగ్గా సున్నా చూపేలా సరిచేసి, రిజిస్టర్‌లో సంతకం చేసింది. కాటా పలక తెర వెనక ఉంటుంది. అంకెలు మాత్రం కేబుల్ ద్వారా ఇవతల ఫర్హానా బల్ల మీద కనిపిస్తాయి. నేను స్కీల పొడవు కొలుస్తాను. కంట్రోలర్, ఆ ప్రాంతపువాడే అయిన ఒక భారీ సాక్సన్ మనిషి, గుమ్మం దాటి లోపలికి రాడు. అతని కాళ్ళకి మోకాళ్ళ దాకా మంచు.

మొదటి రౌండ్‌లో తనిఖీకి వచ్చిన మొదటివాడు స్లొవేనియా విద్యార్థి. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. తెర వెనక్కి వెళ్ళాడు. ఫర్హానా అంకె చదివి, మళ్ళీ చదివింది. ముందురోజు కంటే దాదాపు రెండు కిలోలు తక్కువ. దిగి మళ్ళీ ఎక్కించాం. అదే అంకె.

ఒక్క రాత్రిలో రెండు కిలోలు ఎక్కడికి పోతాయి? నిన్న బూట్లలో సీసం రేకులు పెట్టుకుని వచ్చుంటాడని నాకు తోచింది. తక్కువ వచ్చిందని కంట్రోలర్ గుమ్మంలోంచి చెప్పగానే ఆ కుర్రాడు చటుక్కున తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాను.

కంట్రోలర్ అనుమానం వేరే. కాటా మార్చింది ఎవరు, సున్నా పెట్టింది ఎవరు అని అడిగాడు. రిజిస్టర్ చూపించాను. రెండో రౌండ్ జాబితా అచ్చవడానికి ఇరవై నిమిషాలుందని, ఈలోగా తేల్చమని అన్నాడు. తేలకపోతే ఆ కుర్రాడి పేరు ఉండదు.

నా అనుమానం అప్పుడు ఫర్హానా మీదికి మళ్ళింది. సున్నా సరిగ్గా పెట్టావా అని అడిగాను. "రెండుసార్లు చూసిన సార్," అంది. నిజం చెప్పమ్మా, కేబుల్ ఏమైనా కదిపావా అని మళ్ళీ అడిగాను. ఆమె నా మొహం వంక చూసి, "నేను మొదటిసారి చెప్పింది కూడా నిజమే సార్," అంది. కాటా దగ్గరికి వెళ్ళకుండా గుమ్మం పక్కన నిలబడమన్నాను. పరీక్ష బరువులు కింద పార్కింగ్‌లో వ్యాన్‌లో ఉన్నాయి. మామూలుగా అయితే తననే పంపేవాణ్ణి. ఆ రోజు నమ్మక నేనే వెళ్ళాను.

వెళ్ళినవాణ్ణి ఊరుకోకుండా, వ్యాన్ దగ్గర నిలబడి ల్యాబ్‌లో మా విభాగం హెడ్‌కి ఫోన్ చేశాను. సున్నా పెట్టడంలో అజాగ్రత్త జరిగినట్టుంది, చేసింది ఫర్హానా, అని చెప్పాను. రుజువు దొరకకముందే చెప్పాను. నోట్ చేసుకుంటానని ఆవిడ అంది.

బరువుల పెట్టె మోసుకుని ఆయాసపడుతూ గుమ్మం దగ్గరికి వచ్చి, బూట్లు విప్పడానికి వంగాను. ఫర్హానా అక్కడే ఉంది. నెమ్మదిగా, "సార్, ఆ బూట్లు మనవి కావు," అంది.

గుమ్మం పక్కన అట్టముక్క మీద ఆమె బూట్లు, వాటి పక్కన బిగుతుగా, పొడవుగా, వెనకవైపు ఎత్తుగా ఇంకో జత. స్కీ జంపర్ బూట్లు.

దీనికి కారణం చెప్పాలి. అనకాపల్లిలో మా నాన్న బెల్లం మండీలో కాటా వేసేవారు. చెప్పులతో కాటా దగ్గరికి వెళ్తే నా వీపు విమానం మోత మోగేది. ఆ భయం జర్మనీ వచ్చినా పోలేదు. కాటా ఉన్న ఏ గదిలోకైనా సాక్సుతోనే వెళ్తాను. ఫర్హానా కూడా నన్ను చూసి అదే నేర్చుకుంది. హోటల్లో మా బూట్లు క్లోక్‌రూమ్‌లో ఉండిపోయాయి కాబట్టి ఎవరికీ కనబడలేదు. ఇక్కడ గుమ్మం దగ్గరే వరసగా పెట్టాం. ఆ కుర్రాడు వాటిని చూసి, లోపల మా ఇద్దరి కాళ్ళూ చూసి, ఇక్కడి పద్ధతి ఇదే కాబోలు అనుకుని మర్యాదగా తనవీ విప్పేశాడు. తూకం తక్కువనగానే కాళ్ళ వైపు చూసుకున్నా, అలా తూచడమే మా నియమం అనుకుని అడగలేదట. అతను గుమ్మం ఎక్కేసరికి కంట్రోలర్ స్కీలు అందుకునే హడావిడిలో ఉన్నాడట. కుర్రాడు సాక్సుతో నా ముందు నుంచే నడిచి వెళ్ళాడు. నేను చూశాను కూడా. సాక్సుతో ఉన్న నాకు అందులో వింతేమీ కనబడలేదు. వ్యాన్ దగ్గరికి వెళ్తూ హడావిడిగా నా బూట్లు తొడుక్కున్నప్పుడు కూడా పక్కన చూడలేదు.

కంట్రోలర్ అతణ్ణి కళ్ళ ముందు నుంచి కదలనివ్వలేదు కాబట్టి మళ్ళీ తూచడానికి నియమం ఒప్పుకుంది. బూట్లతో ఎక్కించాం, సరిపోయింది. పరీక్ష బరువులు పెట్టి చూశాం. కాటాలో ఒక్క గ్రాము తేడా లేదు. జాబితాలో అతని పేరు ఉంది, రెండో జంప్ కూడా చేశాడు. ఎన్నో స్థానంలో వచ్చాడో నాకు గుర్తులేదు.

నేను సిగ్గుపడ్డాను. అయినా ల్యాబ్‌కి వెంటనే ఫోన్ చేయలేదు, సాయంత్రం దాకా వాయిదా వేశాను. ఈలోగా మా హెడ్ ఫర్హానాకే ఫోన్ చేసి, ఏం అజాగ్రత్త జరిగిందని అడిగేసింది. అలా ఆమెకు తెలిసింది. ఆ రాత్రే తప్పు నాదని రాసి పంపాను. ప్రొబేషన్ నివేదికలో ఆమె గురించి ఉన్నదంతా మంచిగానే రాశాను. పర్మనెంట్ అయింది.

ఆ తర్వాత నాతో మర్యాదలో ఏమీ లోటు చేయలేదు. కానీ ఏ కాటాకి సున్నా పెట్టినా నన్ను పిలిచి, నా ఎదుటే పెట్టి, తన సంతకం పక్కన నా సంతకం అడిగేది. మూడేళ్ళూ అంతే. ఇది మంచి పద్ధతని మా హెడ్ మెచ్చుకుని ల్యాబ్ అంతటికీ నియమం చేసింది. ఎందుకు మొదలైందో నేనూ చెప్పలేదు, ఫర్హానా కూడా చెప్పలేదు.

మా వృత్తిలో అనుమానించక తప్పదు. దానికి ఒక వరుస ఉంది: ముందు తూచే పద్ధతిని చూడాలి, తర్వాత పరికరాన్ని, చివర మనుషుల్ని. ఆ రోజు నేను మొదట కుర్రాణ్ణి అనుమానించాను, తర్వాత ఫర్హానాని, ఆ తర్వాత కాటాని. పద్ధతి నాది కాబట్టి దాని జోలికే పోలేదు.