గీకేముందు తీసిన ఫోటోలు

కాకా పోయాడని ఆయన అల్లుడు ఫోన్ చేసేసరికి నేను కోల్డ్ స్టోర్ బయట నిలబడి చేపల పెట్టెలు దింపించుకుంటున్నాను. "పొద్దుగాల చాయ్ తాగి కూసున్నడు. గట్లనే పక్కకు ఒరిగిండు" అన్నాడు. ఆయన డ్యూటీ చాలించుకుని ఇంటికి వెళ్ళి రెండు నెలలు కూడా కాలేదు. పెట్టెలన్నీ లోపలికి చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. వచ్చాక కూడా అది ఏడుపేనా, చలికి కారిన నీళ్ళా అని కాసేపు తేల్చుకోలేకపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాది జగిత్యాల వైపు, ఆయనది సిరిసిల్ల వైపు. ఖతర్‌లోని అల్ వక్రాలో, కోల్డ్ స్టోర్‌కు ఆనుకుని ఉన్న గదిలో తొమ్మిదేళ్ళు పక్కపక్క మంచాల మీద పడుకున్నాం. అదే చుట్టరికం. నేను స్టాక్ రాసేవాణ్ణి. ఆయన మంచు గీకేవాడు.

ఖతర్‌లో మంచేమిటని మీరు నవ్వుకోవచ్చు. బయట ఎండ మాడ్చేస్తున్నా మా గది గోడకు అవతల ఏడాది పొడుగునా చలికాలమే. తలుపు తీసినప్పుడల్లా సముద్రపు తేమగాలి లోపలికి దూరి పైకప్పు మీదా, గొట్టాల మీదా, గడప దగ్గర నేల మీదా మంచై పేరుకుంటుంది. దాన్ని రోజూ గీకి, బకెట్లకెత్తి బయట పారబోయాలి. పారబోసింది చూస్తుండగానే నీళ్ళై ఇంకిపోతుంది. ఇరవై ఏళ్ళ పైగా ఆయన చేసిన పని అదే.

గీకేముందు మాత్రం ఒక ఫోటో తీసేవాడు. చలికి ఫోన్ ఆగిపోతుందని చొక్కా లోపల, ఒంటికి ఆనించి దాచుకునేవాడు. గ్లవ్ ఊడదీసి, ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళి, ఊపిరి బిగబట్టి నొక్కేవాడు. ఊపిరి తగిలితే అది వేరే ఐపోతుందట. రెండో ఫోటో తీయగా నేనెప్పుడూ చూడలేదు. తర్వాత పార అందుకుని దయా దాక్షిణ్యం లేకుండా గీకి పారేసేవాడు.

గదికి వచ్చాక ఒక్కోసారి నాకు చూపించేవాడు. అందులో చేప ఉండదు, పెట్టె ఉండదు, మనిషి ఉండడు. తెలుపు, దాని మీద ఇంకో రకం తెలుపు. ఏది పైనో ఏది కిందో తెలియక ఫోన్ తిప్పి తిప్పి చూసేవాణ్ణి. పేరు రాయని పెట్టె ఒక్కటి కనబడితే నాకు అన్నం సహించదు.

"ఏంది కాకా ఇది? మబ్బా? గొర్రె బొచ్చా?"

"అడిగేటోనికి చెప్పేటోడు లోకువ. సూడు."

"సూస్తనే ఉన్న. ఏం సమజైతలేదు. పేరన్న చెప్పు."

"నీకేంది, పేరు వెడ్తవు, పక్కన వెడ్తవు. పేరు వెట్టినంక మల్ల సూస్తవా?" అని నవ్వి, రొట్టె ముక్క చాయ్‌లో ముంచుకునేవాడు.

జనవరిలో సముద్రగాలికి మేమంతా స్వెట్టర్లు తొడుక్కుని ముడుచుకుపోతే ఆయన బనీనుతో తిరిగేవాడు. "గిది చలా? గిది ఎండనే" అనేవాడు. నేను వచ్చిన కొత్తలో, లోపల పని చేసి వేళ్ళు కొంకర్లు పోయి, పసిపిల్లాడిలా ఏడ్చాను. రుద్దకురా అని గదమాయించి, నా రెండు చేతులూ తన చంకల్లో పెట్టుకుని, వేళ్ళు కదిలేదాకా అలాగే నిలబడ్డాడు. ఆయనంటే నాకు ప్రాణం. ఆ ముక్క ఆయనతో ఒక్కసారీ అనలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. ఆయన ఊరికి వెళ్ళిపోవడానికి నెల ముందు ఫోన్ మొరాయించింది. "నిండిపోయిందంటున్నది. జర సాఫ్ చెయ్యిరా" అని నా చేతికిచ్చి స్నానానికి వెళ్ళాడు. మా కంపెనీలో ఏ పనికైనా ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో తీసి సూపర్‌వైజర్ గ్రూపులో పెట్టాలి. నాకు చూపించేది సరదాకే గానీ తీసేది డ్యూటీ కోసమే అనుకున్నాను. 'తర్వాత' ఫోటో ఒక్కటి కూడా లేదేమని అప్పుడు తట్టలేదు. కూతురి పెళ్ళి ఫోటోలూ పాస్‌పోర్టు కాపీ ఉంచి, తెల్లవన్నీ ఒక్కొక్కటే చూస్తూ, టిక్కు పెడుతూ తీసేశాను. ఫోన్‌లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. పని సగంలో వదిలే అలవాటు నాకు లేదు మరి. ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అనలేదు.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి ఫోన్ అందుకున్నాడు. వేలితో పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు చూశాడు. "మంచిగ అల్కగైంది, బరువు తగ్గింది" అన్నాడు. నన్ను చాయ్ పెట్టమన్నాడు. ఆ తర్వాత గీకేముందు ఆయన ఫోన్ బయటికి తీయగా నేను చూడలేదు.

పోయిన తొమ్మిదో రోజున చిన్నమ్మ, అంటే కాకా భార్య, ఫోన్ చేసింది.

"కొడుకా, ఎల్లుండి దినాలు. సుట్టాలందరొస్తరు. దుబాయ్‌ల గిన్నేండ్లు ఏం జేసిండంటే నేనేం చెప్పాలె? మంచు ఫోటువలు దీసిన అని మీ కాకా చెప్తుండె. ఏవీ అంటే, అన్ని నీ కాడ దాసిపెట్టిన అన్నడు. జర పంపు, అందరికి సూపెడ్త."

మా ఊళ్ళవాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. నా దగ్గర దాచానని ఎందుకన్నాడు? నా తప్పు కప్పిపెట్టాడా? ఎప్పటికైనా నేనే ఒప్పుకోవాలని ఇరికించాడా? లేక ఎవరికో ఇచ్చి, నాకిచ్చాననుకున్నాడా? తొమ్మిదేళ్ళు పక్క మంచం మీద పడుకున్న మనిషి గురించి నాకేమీ తెలియదని ఆరోజు అర్థమైంది. పంపుతానని అబద్ధమాడాను.

రెండు రోజులు నేనే ఫోటోలు తీశాను, ఆయనవని చెప్పి పంపిద్దామని. ఆయనలాగే దగ్గరికి వెళ్ళాను, ఊపిరి బిగబట్టాను. వచ్చినవి మంచు ఫోటోలు. ఆయనవి అలా ఉండేవి కావు. తేడా ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. అన్నీ తీసేశాను.

దినాల రోజు మధ్యాహ్నం చిన్నమ్మ మళ్ళీ చేసింది. వెనక జనం సద్దు వినబడుతోంది. నేను స్టోర్ తలుపు దగ్గర ఉన్నాను.

"చిన్నమ్మా, అవి లేవు. నేనే ఖరాబ్ చేసిన. డ్యూటీవి అనుకొని తీసేసిన. నన్ను తిట్టు."

"ఒక్కటి గూడ లేదా?"

"లేదు."

తిడుతుందని చూశాను. ఫోన్ పెట్టేసిందేమోనని కూడా చూశాను.

"నువ్వైతే సూసినవ్ గద?" అంది.

"అన్ని సూసిన."

"మరి చెప్పు. మేమెవ్వలం సూడలే." ఫోన్ స్పీకర్‌లో పెట్టినట్టుంది. "ఆగుండ్రి, సప్పుడు జెయ్యకుండ్రి" అని ఎవరినో కసిరింది. అక్కడి మాటలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి.

నేను స్టోర్ తలుపు తీశాను. లోపలికి వెళితే సిగ్నల్ పోతుందని గడపలోనే నిలబడ్డాను. ఆ రోజు మంచు ఇంకా ఎవరూ గీకలేదు. తలుపు తెరిచి ఉంచితే అలారం మోగుతుంది. మోగింది. మూయలేదు.

"తెల్లగ ఉంటుండె చిన్నమ్మా" అన్నాను. "ఒకదాంట్ల అంచు జర నీలంగుండె. ఇంకోదాంట్ల సన్నసన్నటి గీతలు, అన్ని ఒక్క దిక్కే వంగి..."

చెప్తున్నది గుర్తున్నదో, కళ్ళెదుట ఉన్నదో నాకే తెలియడం లేదు. చల్లటి పొగ నా కాళ్ళ మీదుగా ఎండలోకి పోతోంది. అక్కడ ముంగిట్లో కూర్చున్న అంతమందిలో ఒక్కరూ కదిలిన చప్పుడు లేదు.

"ఊఁ" అంది చిన్నమ్మ. "ఇంక?"