పాదరసం అక్క రాసిన అంకె

ఆ క్లినిక్‌లో ఆమె అసలు పేరు జీతం వచ్చే రోజున తప్ప ఎవరి నోటా వినబడదు. అందరికీ ఆమె పాదరసం అక్క. మిగతా నర్సులంతా మీట నొక్కితే అంకె చూపించే మిషన్లకు మారిపోయినా, ఆమె మాత్రం పాదరసం గొట్టం ఉన్న పాత బీపీ పెట్టెను వదల్లేదు. ఇరవై ఆరేళ్ళుగా జనం చేతులకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని వింటూనే ఉంది. తక్కినవాళ్ళు నూట నలభై, నూట యాభై అని గుండు సున్నాలతో సరిపెట్టేస్తారు. ఈవిడ దగ్గర ఆ ఆటలు సాగవు. నూట నలభై ఆరు ఉంటే నూట నలభై ఆరే. ఒక్కొక్కరికి మూడేసిసార్లు చూస్తుంది. "మొదటిది మెట్లెక్కిన ఆయాసం, రెండోది నర్సంటే భయం, మూడోదే మనిషి" అనేది ఆమె సిద్ధాంతం. ఆ మూడోదే రాస్తుంది. ఆమె రాసిన కాగితం మీద డాక్టరుగారు కళ్ళజోడు పెట్టుకోకుండానే సంతకం చేసేవారు.

ఆ నమ్మకమే చివరికి కొంప ముంచింది.

ఆ క్లినిక్‌కు ఈమధ్య కొత్తరకం పెద్దవాళ్ళు వస్తున్నారు. ఉద్యోగాలు ముగించుకుని, ఉన్న పింఛనుతో వెచ్చగా ఉండే ఏదో ఒక పరాయి దేశంలో ఏళ్ళ తరబడి ఉండిపోదామనుకునేవాళ్ళు. ఆ దేశాలు రమ్మంటాయి గానీ ఊరికే రమ్మనవు. రేపు జబ్బు చేస్తే మా నెత్తిన పడకూడదు, ఏడాది పొడవునా ఆసుపత్రి ఖర్చంతా భరించే బీమా కాగితం చూపిస్తేనే దీర్ఘకాలం వీసా ఇస్తామంటాయి. ఇటు బీమా కంపెనీలేమో వయసు అడిగి, జబ్బులు అడిగి, తీరిగ్గా ధర చెబుతాయి. ఆ ధర విన్నాక లేని జబ్బు కూడా వస్తుంది. పింఛనుదారులకు అందుబాటులో ఉన్న బీమా ఒకే ఒక్కటి. దానికో మెలిక ఉంది. బీపీ నూట నలభై బై తొంభై లోపు ఉన్నట్టు క్లినిక్ నుంచి కాగితం కావాలి. దాటితే గుండెకూ మెదడుకూ వచ్చే జబ్బులకు మా బాధ్యత లేదని కంపెనీ రాసేస్తుంది. అలా రాసిన బీమాను వీసావాళ్ళు ఒప్పుకోరు. అంటే రెండు అంకెలు కాస్త అటూ ఇటూ అయితే ప్రయాణమే లేదన్నమాట.

ఆ కాగితం కోసమే ఒక రోజు పొద్దున హారన్ మామయ్య, ఆయన భార్య వచ్చారు.

హారన్ మామయ్య ముప్పై నాలుగేళ్ళు స్కూలు బస్సు నడిపాడు. అన్నేళ్ళలో అవసరానికి మించి ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. అందుకే ఆ పేరు. జనం పేర్లు పెట్టడంలో అంతటి న్యాయం ఉంటుంది మరి. పాదరసం అక్క చిన్నప్పుడు ఆ బస్సులోనే బడికెళ్ళేది. రోజూ జడ దగ్గర ఆలస్యం చేసేది. మామయ్య బస్సు ఆపి ఆమెకోసం ఓపిగ్గా ఎదురుచూసేవాడు. అంతటితో ఊరుకోకుండా, తన లాగ్ బుక్కులో "ఒక పిల్ల జడ కుదరక రెండు నిమిషాలు ఆలస్యం" అని ఉన్నదున్నట్టు రాసేవాడు. ఆ రాతకు పైవాళ్ళ దగ్గర చీవాట్లు తినేవాడు. మర్నాడు మళ్ళీ ఆగేవాడు, మళ్ళీ రాసేవాడు.

"మా చెల్లెలు ఆ దేశంలో ఒక్కతే ఉందమ్మా" అంది అత్తయ్య, ఫైలు గుండెకు హత్తుకుని. ఆవిడ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసే ఉద్యోగం చేసి రిటైరైంది. "పక్క వాటా మాకోసం అట్టిపెట్టింది. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఈ మోకాళ్ళతో నేను కిందికి దిగి వారానికోసారి ఆకాశం చూస్తున్నాను. అక్కడైతే గుమ్మం దాటితే వీధే. ఇద్దరం పొద్దున్నే నడుస్తామని మా చెల్లెలు చిన్నపిల్లలా లెక్కలు వేస్తోంది."

అత్తయ్యది హద్దులోపే ఉంది. తర్వాత పాదరసం అక్క మామయ్య చేతికి పట్టీ చుట్టింది. మొదటిసారి నూట డెబ్బై ఆరు. సరే, మెట్లు. రెండోసారి నూట డెబ్బై రెండు. సరే, భయం. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మూడోసారి చూసింది. నూట డెబ్బై బై నూట రెండు. ఇంకోసారి చూసే రివాజు ఆమెకు లేదు. అయినా నాలుగోసారి చూసింది. పాదరసం కనికరించలేదు.

"ఎంతుందమ్మా?" అన్నాడు మామయ్య.

ఆమె తలెత్తలేదు. తలెత్తితే అత్తయ్య మొహం కనబడుతుంది. ఉన్నమాట మామయ్యకు చెప్పి, "మీకోసం తగ్గించి రాస్తాను" అంటే ఆయన ఒప్పుకునే మనిషి కాదు. కాగితం చింపి చేతిలో పెడతాడు. అందుకని ఆయన్ను అడగకుండానే ఆయనకు మేలు చేద్దామనుకుంది.

"సరిపోతుంది మామయ్యా" అంది. నూట ముప్పై ఎనిమిది బై ఎనభై ఆరు అని రాసింది. అందులో కూడా గుండు సున్నా వెయ్యలేదు, చూశారా? అబద్ధాన్ని కూడా శ్రద్ధగా రాసింది. "మాత్రలు మాత్రం మానకండి" అంది పట్టీ చుట్టేస్తూ. ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆమెకు మనశ్శాంతి లేదు. వీధిలో అంబులెన్సు వెళ్తే అది ఏ వైపు తిరిగిందో చూసేది. మామయ్య ఇంటి వైపు కాకపోతే ఊపిరి పీల్చుకునేది. ఊపిరి పీల్చుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడేది, అందులో ఇంకెవరి మామయ్య ఉన్నాడో అని. క్లినిక్‌లో ఎవరైనా "ఆ కాగితం..." అని మొదలుపెడితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది. డాక్టరుగారు కళ్ళజోడు లేకుండా సంతకం పెడుతుంటే చూడలేక మొహం తిప్పుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి మామయ్య లాగ్ బుక్కు గుర్తొచ్చింది. ఆయన కూడా నియమం తప్పి మరీ ఆమెకోసం ఆగాడు. కానీ తప్పిన సంగతి తన చేత్తోనే రాసి, చీవాట్లు తనే తిన్నాడు. తనేం చేసింది? మేలు పేరు తను కొట్టేసి, ముప్పు ఆయన రక్తంలో వదిలేసింది.

రేపు వెళ్ళి చెబుతాననుకుంది. ఆ రేపు మర్నాటికి జరిగింది, మర్నాడు వారానికి జరిగింది. ఎలాగూ మాత్రలు వేసుకుంటూనే ఉంటాడు కదా అని సర్దిచెప్పుకుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడినట్టయింది ఆమె పని.

నెల తిరక్కుండానే అత్తయ్య ఫోన్ చేసింది. "వీసా వచ్చేసిందమ్మా! గురువారం ప్రయాణం. అంతా నీ చేతి చలవ. ఆదివారం పొద్దున టీకి రా. రాకపోయావో, ఊరుకోను."

ఆదివారం ఆమె బీపీ పెట్టె సంచిలో పెట్టుకుని వెళ్ళింది. ప్రయాణానికి ముందు ఊరికే ఒకసారి చూస్తానని చెప్పి, ఎక్కువుంటే మాత్రలు పెంచుకోమందామని ఆమె ఎత్తు. అప్పటికీ నిజం చెప్పే ఉద్దేశం లేదు. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి కదా.

మూడో అంతస్తు వాటాలో గోడలన్నీ బోసిగా ఉన్నాయి. రెండు పెట్టెలు తాళ్ళు కట్టించుకుని సిద్ధంగా ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు మీద ఆమె రాసిన కాగితం నకలు అంటించి ఉంది. అత్తయ్య దానికి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ అట్ట కూడా వేసింది.

"ఇదేంటి అత్తయ్యా?"

"మా ఆయన ప్రోగ్రెస్ కార్డు" అని నవ్వింది అత్తయ్య. "బళ్ళో కూడా ఇన్ని మార్కులు రాలేదట."

మామయ్య ఉప్పు జల్లిన వేరుశెనగలు గిన్నెడు ముందు పెట్టుకుని హాయిగా నములుతున్నాడు. ఆమె ఆ గిన్నె వైపు చూసింది.

"మాత్రలు వేసుకుంటున్నారా మామయ్యా?"

"ఇంకా మాత్రలెందుకే?" అన్నాడాయన. "అంతకుముందు మా వీధి డాక్టరు నూట డెబ్బై ఉందని రోజుకి రెండు వేసుకోమన్నాడు. అవి వేసుకుంటే కళ్ళు తిరిగి మెట్లమీద పడబోయాను. నువ్వు చూస్తే నూట ముప్పై ఎనిమిది. ఆ రోజే మానేశాను."

"ఆయన మొదట వద్దన్నాడమ్మా, నేనే మానెయ్యమన్నాను" అంది అత్తయ్య. "ఆ డాక్టరుది మిషను లెక్క. నీది చెవి లెక్క. నువ్వు రాశాక ఇంకెవరి మాట వింటాం?"

పాదరసం అక్క చేతిలో టీ గ్లాసు కింద పెట్టింది. నెల రోజులుగా ఈయన మాత్ర లేకుండా, ఉప్పు మానకుండా, ఆమె రాసిన అబద్ధాన్ని రోజూ ఫ్రిజ్ మీద చదువుకుంటూ బతుకుతున్నాడు. ఎవరో ఇస్తే నమ్మేవాడు కాదు. ఆమె ఇచ్చింది కాబట్టి నమ్మాడు.

"అది మీ అంకె కాదు మామయ్యా" అంది. ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. "ఆ రోజు మీకు నూట డెబ్బై ఉంది. నేను అబద్ధం రాశాను."

మామయ్య నమలడం ఆపాడు. "ఎందుకు?"

"మీరు వెళ్ళాలని."

"నన్నడిగితే ఒప్పుకునేవాణ్ణా?"

"ఒప్పుకునేవారు కాదు. అందుకే అడగలేదు."

ఆయన కేకలు వేస్తాడేమో అనుకుంది. వేస్తే బాగుండుననుకుంది కూడా. ఆయన మెల్లగా చొక్కా చెయ్యి పైకి మడిచి బల్లమీద చాపాడు. ఆమె పెట్టె తెరిచింది. పట్టీ చుట్టింది. మూడుసార్లు చూసింది. మూడోది కూడా నూట తొంభై రెండు బై నూట పన్నెండు. ఈసారి గట్టిగా పైకి చదివింది.

"ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇలా వదిలేస్తే పక్షవాతం రావచ్చు. ఏదైనా కావచ్చు."

"వెళ్దాం" అన్నాడు మామయ్య. "గురువారం ప్రయాణం లేదు. రేపు బీమా వాళ్ళ దగ్గరికెళ్ళి కాగితం సరిచేయించుకుంటాను. నీకు మాట వస్తుందమ్మాయ్. ఉద్యోగానికే ముప్పు రావచ్చు."

"రానివ్వండి మామయ్యా. నేనే మీతో వచ్చి చెబుతాను."

చెప్పేసింది కదా, గుండె తేలికపడుతుందని ఎదురుచూసింది. పడలేదు. అత్తయ్య లేచింది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి కాగితం తీసింది, అట్టతో సహా రెండుగా మడవబోయింది. అది మడత పడలేదు.

"రెండేళ్ళుగా నాకు సరిగ్గా నిద్ర లేదమ్మా" అంది. "ఈయన ఊపిరి తీస్తున్నాడా లేదా అని చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. నువ్వు ఈ కాగితం ఇచ్చాక మానేశాను. ఈ నెల రోజులూ హాయిగా నిద్రపోయాను."

పాదరసం అక్క ఏడ్చింది. క్షమించమని అడగబోయి, ఆ మాట ఇప్పుడు తన సుఖం కోసమేనని తోచి ఊరుకుంది. మామయ్య చెప్పులు వేసుకుంటుంటే తనూ లేచి నిలబడింది.

"నేనూ వస్తాను అత్తయ్యా. డాక్టరుకి అంకెలు నేను చెబుతాను. మూడుసార్లు చూశాను, నూట తొంభై రెండే."

అత్తయ్య ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో గానీ గొంతులో గానీ కోపం లేదు.

"చూసే ఉంటావులేమ్మా" అంది. "అయినా, డాక్టరు దగ్గర ఇంకెవరి చేతనైనా చూపించుకుంటాం."